యూటీవీ మీద తుపాకీ వెంట ఉంచుకోవచ్చా? (కొలరాడో, యూటా ప్రయాణం)

#1 అరోరా_హర్ష

అందరికీ నమస్కారం. ఆగస్టులో మిత్రులతో కలిసి గన్నిసన్ నేషనల్ ఫారెస్ట్‌లోని టేలర్ పార్క్‌కు వెళ్తున్నాం. అక్కడ యూటీవీలు (కొండదారుల్లో, అడవి బాటల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండ్లు) నడిపాక వాటిని ట్రైలర్ మీద ఎక్కించుకుని యూటాలోని మోయాబ్ చేరాలని ఆలోచన. నాకు గ్రీన్‌కార్డు ఉంది, కొలరాడో ఇచ్చిన కన్‌సీల్డ్ పర్మిట్ (తుపాకీ దాచి వెంట ఉంచుకునే అనుమతి) ఉంది, ఒక 9 ఎంఎం పిస్టల్, ఒక రైఫిల్ ఉన్నాయి. మిత్రులిద్దరూ హెచ్-1బీ మీద ఉన్నారు. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు కూడా మాతో వస్తారు, విజిటర్ వీసా.

పిస్టల్ నడుముకు ఉంచుకుని యూటీవీ నడపవచ్చా? రైఫిల్ సీటు వెనుక ఒరలో పెట్టుకోవచ్చా? ఎక్కడైనా ఖాళీ చోట మిత్రులు కూడా నాలుగు తూటాలు కాల్చి చూస్తామంటున్నారు. తుపాకీ చట్టాల పేజీలన్నీ తిరగేశాను, యూటీవీ మాట ఎక్కడా కనబడలేదు.

#2 ఎడారి_ఫణి

మా అరిజోనాలో అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. 2010 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డు చెప్పని ఎవరైనా పర్మిట్ లేకుండానే తుపాకీ దాచి ఉంచుకోవచ్చు. లోడ్ చేసిన తుపాకీతో వాహనంలో తిరగవచ్చు. కాల్చడం మాత్రం వేరే సంగతి. మనుషులున్న ఇంటికి పావు మైలు లోపల యజమాని అనుమతి లేకుండా వేటకు తుపాకీ పేల్చకూడదు, వాహనంలో కూర్చుని జంతువు మీద కాల్చకూడదు. కొలరాడో సంగతి అక్కడివాళ్లే చెప్పాలి.

#3 సాల్ట్‌లేక్_సంధ్య

హర్ష గారూ, తుపాకీ చట్టాల్లో వెతికితే దొరకదు. ఈ నియమాలు చాలా రాష్ట్రాల్లో వన్యప్రాణి చట్టాల్లోనో, యూటీవీ, స్నోమొబైల్ రిజిస్ట్రేషన్ చట్టాల్లోనో ఉంటాయి. పర్మిట్ ఉన్నవాళ్లు, ఎన్నో ఏళ్లుగా తుపాకీ వాడుతున్నవాళ్లు కూడా అందుకే పొరబడుతుంటారు. నేను యూటాకు మారకముందు ఫోర్ట్ కాలిన్స్‌లో ఉండేదాన్ని. వేట పాఠాలు చెప్పే ఆయన మొదటి రోజే కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వారి వేట పుస్తకం చేతికిచ్చి, తుపాకీ గురించిన సగం చట్టం ఇందులోనే ఉందన్నారు.

ముందు రైఫిల్ సంగతి. పికప్ ట్రక్కులో వెళ్తుంటే కొలరాడోలో రైఫిల్ ఛాంబర్ (పేల్చడానికి తూటా చేరే గది) ఖాళీగా ఉంటే చాలు, మ్యాగజైన్‌లో (తూటాలు నింపే అరలో) తూటాలు ఉన్నా ఫరవాలేదు. అదే రైఫిల్ యూటీవీ మీదకు ఎక్కిందంటే ఛాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీగా ఉండాలి. అంతేకాదు, రైఫిల్ మొత్తం మూసి ఉన్న సంచిలోనో పెట్టెలోనో ఉండాలి. మీరు అడిగిన ఒర ఉందే, గుర్రం జీనుకు కట్టే తరహాలో పై భాగం తెరిచి, మడమ బయటకు కనబడేది, అది పనికిరాదు. ఒక చివర తెరిచి ఉన్నా, పక్క తెరిచి ఉన్నా కుదరదని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. విల్లు ఎక్కుపెట్టి ఉంటే దానికీ ఇదే నియమం. తన పొలంలో పంటనో పశువులనో పాడుచేసే జంతువుల కోసం తిరిగే భూస్వామికి, ఆయన మనుషులకు మినహాయింపు ఉంది. మనకు అది వర్తించదు.

ట్రక్కులో నుంచి రైఫిల్ తీసి యూటీవీలో పెట్టే ఆ రెండు నిమిషాల్లో మ్యాగజైన్ ఊడదీయడం మరచిపోయేవాళ్లను ట్రైల్ (అడవి బాట) మొదట్లోనే చూస్తుంటాం. వన్యప్రాణి శాఖ వార్డెన్లు నిలబడేదీ అక్కడే.

పిస్టల్ మాటకొస్తే, సొంత కారులోనైనా, మరే సొంత ప్రయాణ సాధనంలోనైనా ఆత్మరక్షణకు చేతి తుపాకీ ఉంచుకోవడాన్ని కొలరాడో చట్టం ఒప్పుకుంటుంది. పైగా మీకు పర్మిట్ కూడా ఉంది. మ్యాగజైన్ 15 తూటాలకు మించినది అయితే మాత్రం ఇంట్లో వదిలేయండి. 2013 జూలై 1 నుంచి అవి అక్కడ నిషేధం, అంతకుముందే సొంతం చేసుకున్నవాళ్లకు తప్ప.

#4 మిషిగన్_మావయ్య

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా మిషిగన్‌లో ఇంకో పద్ధతి. యూటీవీ మీద తుపాకీ ఖాళీగా ఉండి, సంచిలో భద్రంగా ఉండాలి. లేదంటే తుపాకీ పేలకుండా ట్రిగ్గర్‌కు తాళంచెవితో వేసే, కంపెనీ తయారుచేసిన తాళం ఉండాలి. పిస్టల్ పర్మిట్ ఉన్నవాళ్ల పిస్టల్‌కు మినహాయింపు ఇచ్చారు.

ఇలాంటి నియమం ఎందుకొచ్చిందని మా పిల్లలు అడుగుతుంటారు. రాత్రిపూట దీపం వేసుకుని బండి మీద నుంచే జింకలను కొట్టేవాళ్లు ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. దారి దిగకుండా, నడవకుండా కొట్టే వేటను అమెరికాలో వేటగాళ్లే అసహ్యించుకుంటారు. లోడ్ చేసిన రైఫిల్ బండి మీద ఉందంటే దాన్ని దేనికి పెట్టుకున్నావో రుజువు చేయాల్సిన పని వార్డెన్‌కు తప్పుతుంది, తూటా ఉందా లేదా చూస్తే చాలు. ఆత్మరక్షణ చట్టాలు ఎంత సడలినా ఈ నియమం కదలకపోవడానికి కారణం ఇదే. పిస్టల్‌కు సడలింపు ఇచ్చి రైఫిల్‌కు ఇవ్వకపోవడంలోని తర్కమూ ఇదే. పిస్టల్‌తో ఎల్క్‌ను (పెద్ద జింకను) దొంగవేట ఆడేవాడు అరుదు.

#5 రెండుచక్రాలు

అందరూ ఇంత భయపెడుతున్నారెందుకో అర్థం కావడం లేదు. అడవిలో ఎవరు తనిఖీ చేస్తారండీ? పట్టుబడితే చిన్న జరిమానా, కట్టేస్తే అయిపోతుంది. నేను హెచ్-1బీ మీదే ఉన్నాను. మా మిత్రుడి తుపాకీతో షూటింగ్ రేంజ్‌లో కాల్చాను, ఫొటోలు కూడా పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు.

#6 వకీలు_గుమస్తా

తమ్ముడూ, ముందు ఆ ఫొటోల సంగతి ఒక లాయరుతో మాట్లాడు. ఇక్కడ ఇంకేమీ రాయకు.

నేను ఇమ్మిగ్రేషన్ లాయరు ఆఫీసులో పనిచేస్తాను, లాయరును కాను. అందరికీ పనికొచ్చే మాట కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను. హర్ష గారు అడిగిన మూడు ప్రశ్నల్లో అసలు ప్రమాదం మూడోదానిలో ఉంది. రైఫిల్ ఒర గురించి అడిగినంత శ్రద్ధగా దాని గురించి అడగలేదు.

అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం ప్రకారం నాన్ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ కలిగి ఉండకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, అమ్మానాన్నల బీ-2, అన్నీ ఇందులోకే వస్తాయి. ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఎంత పన్ను కడుతున్నారు, గ్రీన్‌కార్డు వరుసలో ఎంత ముందున్నారు అన్నవి లెక్కలోకి రావు. 2022లో వచ్చిన చట్టంతో దీనికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెరిగింది. కలిగి ఉండటం అంటే కొనుక్కోవడం కాదు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని చేతిలో పట్టుకున్నా ఆ మాట వర్తిస్తుంది. రాష్ట్రం పర్మిట్ అక్కర్లేదని ఎంత గట్టిగా చెప్పినా ఫెడరల్ చట్టం ముందు అది నిలవదు. ఫణి గారు పైన రాసిన "చట్టం అడ్డు చెప్పని ఎవరైనా" అన్న మాటలో మనవాళ్లలో సగం మంది బయటే ఉన్నారు.

మినహాయింపు ఒకటి ఉంది. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉంటే ఈ నిషేధం వర్తించదు. దీన్ని చాలామంది డబ్బు కట్టి తెచ్చుకునే కాగితం అనుకుంటారు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ పూర్తిచేసినట్లు చూపకపోతే వేట లైసెన్స్ ఇవ్వరు. అంటే ఇక్కడ ఉన్న మనందరికీ శిక్షణ తప్పనిసరి. ఆ లైసెన్స్ మార్చి 31తో ముగుస్తుంది. మార్చి 31న నిక్షేపంగా రేంజ్‌కు వెళ్లి వచ్చినవాడే ఏప్రిల్ 1న అదే తుపాకీతో వెళ్తే నేరస్థుడు. కొత్త లైసెన్స్ కొనడం మరచిపోయానంటే వినేవాళ్లు ఉండరు.

రెహైఫ్ అనే అతని కేసు చూడండి. ఫ్లోరిడాలో ఎఫ్-1 మీద చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి, మార్కులు సరిగా రాక విశ్వవిద్యాలయం తీసేసింది, అయినా దేశంలోనే ఉండిపోయాడు. రేంజ్‌కు వెళ్లి కాల్చాడు, కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తనకు ఉండే హక్కు పోయిందన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో 7-2 తీర్పు వచ్చింది. దీన్ని చూపించి "నాకు చట్టం తెలియదు" అంటే సరిపోతుందనుకునేవాళ్లు ఉన్నారు. కోర్టు చెప్పింది చట్టం తెలియాలని కాదు, తన హోదా తనకు తెలియాలని. హెచ్-1బీ మీద ఉన్నవాడికి తన హోదా తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఏటా స్టాంపింగ్ తేదీల కోసం కళ్లలో ఒత్తులు వేసుకుని చూసేది మనమే కదా.

ఇక జరిమానా కట్టేస్తే సరిపోతుందన్న మాట. అది పౌరులకు. మనకు జరిమానా కట్టడం అంటే నేరం ఒప్పుకున్నట్లు. తుపాకీని ఏ చట్టానికైనా విరుద్ధంగా కలిగి ఉన్నట్లో, వెంట తీసుకెళ్లినట్లో శిక్ష పడితే, గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయడానికి అది ఒక కారణం అవుతుందని ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉంది. చిన్న నేరమా, పెద్ద నేరమా అన్న తేడా అక్కడ లేదు. అందుకని హర్ష గారూ, యూటీవీ మీద రైఫిల్‌లో తూటా ఉందని వార్డెన్ చీటీ రాస్తే, ఫోనులో కార్డు నంబరు కొట్టి కట్టేయకండి. ముందు ఇమ్మిగ్రేషన్ తెలిసిన లాయరుకు ఆ చీటీ చూపించండి.

#7 రెండుచక్రాలు

అన్నగారూ, లాయరు నంబరు ఒకటి వ్యక్తిగత సందేశంలో పంపగలరా.

#8 అరోరా_హర్ష

గుమస్తా గారికి చాలా ధన్యవాదాలు. ఇంకో సందేహం. రెండో యూటీవీ నాన్నగారు నడుపుతారు. ఆయనకు ఊళ్లో లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ ఉంది, తుపాకీ కొత్త కాదు. నేను పక్కన ఉండగా ఆయన పట్టుకున్నా తప్పేనా? నా పిస్టల్ ఉన్న బండిలో ఆయన కూర్చోవచ్చా?

#9 నల్లమల_వాసి

ఊళ్లో లైసెన్స్ ఆ ఊరి వరకే బాబూ. ఆయుధాల చట్టం కింద కలెక్టరు గారో కమిషనరు గారో ఇచ్చిన కాగితానికి ఇక్కడ ఏ విలువా లేదు. మీ నాన్నగారికి ఈ సంగతి ఒక్క మాటలో అర్థమవుతుంది, ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీ తీసుకెళ్లి పోలీసు స్టేషన్‌లో జమ చేసే ఉంటారు కదా. మా అచ్చంపేట వైపు అయితే అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి కావాలి, బండిలో ఉందా భుజాన ఉందా అన్నది ఎవరూ అడగరు. ఇక్కడ అడవిలోకి తుపాకీతో వెళ్లవచ్చు, ఏ బండిలో ఎలా పెట్టావన్నదే గొడవ. నాకు వచ్చిన కొత్తలో అది వింతగా ఉండేది.

#10 వకీలు_గుమస్తా

పక్కన కూర్చోవడం నేరం కాదు. చేతిలో పట్టుకోవడం నేరం, మీరు పక్కన ఉన్నా సరే. ఈ రెండింటి మధ్య ఉన్నదే ఇబ్బంది. తుపాకీని తన అదుపులోకి తీసుకోగల వీలు, ఆ ఉద్దేశం ఉన్నాయని తేలితే ఒంటి మీద లేకపోయినా కలిగి ఉన్నట్లే లెక్క. మీరు పిస్టల్‌ను డాష్‌బోర్డు అరలో పెట్టి, బండి తాళంచెవి నాన్నగారికిచ్చి, చెట్టు చాటుకు వెళ్లారనుకోండి. అప్పుడే వార్డెన్ వస్తే ఎవరి అదుపులో ఉందంటారు? కాబట్టి ఆ పెద్దాయనను తుపాకీ లేని యూటీవీలో కూర్చోబెట్టండి. వయసైనవారికి ఈ వివరణలు ఇచ్చుకునే పరిస్థితి తేవద్దు.

#11 ఫ్రీమాంట్_భాస్కర్

మా కాలిఫోర్నియా మిత్రులు ఎవరైనా ఇది చదివి పిస్మో ఇసుక దిబ్బల మీదకు ఇలాగే వెళ్తారేమోనని రాస్తున్నాను. ఇక్కడ పర్మిట్ లేనివాడు పిస్టల్‌ను కారులో తీసుకెళ్లాలంటే ఖాళీగా, డిక్కీలోనో తాళం వేసిన పెట్టెలోనో పెట్టాలి, డాష్‌బోర్డు అర తాళం వేసినా చెల్లదు. యూటీవీకి డిక్కీ ఎక్కడుంది? మిగిలింది తాళం పెట్టె ఒక్కటే. ప్రజల దారి మీద వాహనంలో లోడ్ చేసిన రైఫిల్ కూడా నేరమే.

ఇంతకీ హర్ష గారూ, టేలర్ పార్క్‌లో పిస్టల్ ఎందుకు? ఎలుగుబంట్ల కోసమా?

#12 అరోరా_హర్ష

ఎలుగుబంటి ఒక కారణం. సిగ్నల్ లేని చోట మనుషుల భయం ఇంకో కారణం.

#13 మిషిగన్_మావయ్య

కొలరాడోలో ఉన్నవి నల్ల ఎలుగులు. వాటికి ఎలుగుల స్ప్రే చాలు. హెచ్-1బీ వాళ్లు, నాన్నగారు కూడా అది జేబులో పెట్టుకోవచ్చు. విమానంలో మాత్రం సంచిలో పెట్టినా తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి.

#14 ఫ్రీమాంట్_భాస్కర్

మావయ్య గారూ, మా యోసమిటీలో ఆ స్ప్రే నిషేధం. తుపాకీ మాత్రం రాష్ట్ర చట్టానికి లోబడి వెంట ఉంచుకోవచ్చు. 2009లో క్రెడిట్ కార్డుల చట్టానికి తగిలించిన ఒక సవరణ వల్ల 2010 ఫిబ్రవరి 22 నుంచి నేషనల్ పార్కులన్నిటికీ ఈ వెసులుబాటు వచ్చింది. క్రెడిట్ కార్డుకూ తుపాకీకీ ఏమిటి సంబంధమని అడగవద్దు, చట్టసభలు అలాగే పనిచేస్తాయి. ఉంచుకోవడం వరకే అనుమతి, పేల్చడానికి కాదు. సందర్శకుల కేంద్రం వంటి ఫెడరల్ భవనంలోకి అడుగుపెడితే అదీ లేదు.

#15 నిర్వాహకుడు

ఎలుగుల చర్చకు వేరే పేజీ ఉంది, దయచేసి అక్కడ కొనసాగించండి.

#16 సాల్ట్‌లేక్_సంధ్య

మోయాబ్ గురించి చెప్పడం మిగిలిపోయింది. యూటాలో 2021 మే నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండా తుపాకీ దాచి ఉంచుకోవచ్చు. అయితే వాహనంలో లోడ్ చేసిన రైఫిల్, షాట్‌గన్ ఉండకూడదు. యూటీవీ కూడా వాహనమే.

ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. మోయాబ్‌లో చాలామంది రోడ్డు అనుమతి ఉన్న యూటీవీతో ఊరి వీధుల మీదుగానే ట్రైల్‌కు వెళ్తారు. దారిలో బడులుంటాయి. బడికి 1,000 అడుగుల లోపల తుపాకీ ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. పర్మిట్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ అయి ఉండాలి. హర్ష గారిది కొలరాడో పర్మిట్, యూటాలో ఆ బడి ముందు అది పనికిరాదు. పర్మిట్ అక్కర్లేదన్న యూటా చట్టం కూడా ఫెడరల్ లెక్కలో పర్మిట్ కాదు. పిస్టల్ ఖాళీ చేసి తాళం పెట్టెలో పెడితే ఇబ్బంది లేదు. ఊరు దాటాక మీ ఇష్టం.

అక్కడి నుంచి మాన్యుమెంట్ వ్యాలీ చూడాలనుకుంటే తుపాకీ ముందే ఎక్కడైనా భద్రపరచండి. అది నవాహో తెగ పార్కు. తెగల భూముల మీద రాష్ట్రాల పర్మిట్లు వాటంతటవే చెల్లవు, వాళ్ల చట్టం వాళ్లదే.

చట్టం పక్కన పెట్టి, బండి నడిపేదానిగా ఒక మాట. నడుముకు కట్టే హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) యూటీవీలో పనికిరాదు. నాలుగు పట్టీల బెల్టు బిగించుకున్నాక నడుము పట్టీ సరిగ్గా పిస్టల్ పిడి మీదకే వస్తుంది. గుంతలో పడ్డప్పుడల్లా తుంటి ఎముక మీద గుద్దుతుంది, విప్పేటప్పుడు బకుల్ దానికే తట్టుకుంటుంది. ఛాతీ మీద కట్టుకుంటే భుజం పట్టీలు అడ్డు. మోయాబ్ ఎర్రదుమ్ము మెత్తటి పొడిలా ఉంటుంది, పిస్టల్‌కు నూనె రాసిన స్లైడ్ (ముందుకూ వెనక్కూ జరిగే పై భాగం) మీద అంటుకుని సాయంత్రానికి ముద్దకడుతుంది. బండి బోల్తా పడే అవకాశం ఉన్న చోట ఛాంబర్‌లో తూటాతో వదులు హోల్‌స్టర్ అసలు వద్దు. సీటు వెనుక ఇనుప చట్రానికి బోల్టులు వేసి బిగించిన చిన్న ఉక్కు పెట్టె, లోపల స్పాంజి, నేను వాడేది అదే. దుమ్ము పోకుండా మూత అంచుకు రబ్బరు పట్టీ అంటించాను.

#17 ఎడారి_ఫణి

పెట్టె మాట బాగుంది. ట్రక్కును ట్రైల్ దగ్గర వదిలి వెళ్లేటప్పుడు కూడా అక్కరకొస్తుంది. కొలరాడోలో 2025 జనవరి 1 నుంచి మనుషులు లేని వాహనంలో చేతి తుపాకీ వదిలితే గట్టి గోడల తాళం పెట్టెలో, కనబడకుండా పెట్టాలి, వాహనానికీ తాళం వేయాలి.

ఖాళీ చోట కాలుస్తామన్నారు కదా. నేషనల్ ఫారెస్ట్‌లో ఇంటికి, భవనానికి, శిబిరాలకు, మనుషులున్న చోటుకు 150 గజాల లోపల పేల్చకూడదు. అడవి రోడ్డు మీద నుంచి గానీ, దానికి అడ్డంగా గానీ పేల్చకూడదు. ఆగస్టులో కార్చిచ్చు ఆంక్షలు రెండో దశకు చేరితే సరదాకు కాల్చడమే తరచూ నిషేధిస్తారు. ఉక్కు గుండె ఉన్న తూటా రాయికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, ఎండు గడ్డికి అది చాలు. బయలుదేరే రోజు ఉదయం రేంజర్ ఆఫీసుకు ఫోను చేసి అడగండి. ఏ దారిలో యూటీవీ వెళ్లవచ్చో చూపే ఫారెస్ట్ మ్యాపు కూడా ముందే ఫోనులోకి దించుకోండి. లోయలోకి దిగాక సిగ్నల్ ఉండదు.

#18 అరోరా_హర్ష

అందరికీ కృతజ్ఞతలు. రైఫిల్ ఈసారి ఇంట్లోనే ఉంటుంది. పిస్టల్ నా బండిలో, సంధ్య గారు చెప్పినట్లు బోల్టు వేసిన పెట్టెలో. నాన్నగారు, మిత్రుల్లో ఒకరు రెండో బండిలో. కాల్చే కార్యక్రమం రద్దు. మిత్రుల్లో ఒకరు వేట శిక్షణకు పేరు ఇస్తానంటున్నారు, ఇంకొకరు అలిగారు.

#19 వకీలు_గుమస్తా

మంచిది. నీ బండిలో కూర్చునే మిత్రుడు కూడా హెచ్-1బీనే కదా. ఆ పెట్టె తాళంచెవి యూటీవీ తాళాల గుత్తికి తగిలించవద్దు.

#20 అరోరా_హర్ష

అంకెల తాళం ఉన్న పెట్టె కొంటున్నానండి. అంకె నాకొక్కడికే తెలుస్తుంది.